కుటుంబంతో చేపలు పట్టడానికి పాత పడవ: ఈ మూడింటిలో ఏది?

ఎర్రగాలం:

అందరికీ నమస్కారం. ఒక సలహా కావాలి. కాస్త పొడుగ్గా అడుగుతున్నాను, ఓపిక పట్టండి.

ఇన్నాళ్లూ గట్టు మీద కూర్చునే గాలం వేశాను. ఇప్పుడు ఇంట్లో అందరూ వస్తామంటున్నారు. అందరూ అంటే నేను, మా ఆవిడ, 9 ఏళ్ల అమ్మాయి, 5 ఏళ్ల అబ్బాయి, మా అమ్మ. అమ్మకు మోకాళ్ల నొప్పులు. ఎత్తైన అంచు దాటి పడవలోకి దిగడం ఆమె వల్ల కాదు. కానీ గాలం చేతికిస్తే మా అందరికంటే ఆమెకే ఓపిక ఎక్కువ. మేం తిరిగేది ఎక్కువగా పెద్ద జలాశయంలో. మధ్యాహ్నం దాటితే గాలి లేస్తుంది, నీళ్లు పొట్టి పొట్టి అలలుగా విరుగుతాయి. ఎప్పుడైనా నది సముద్రంలో కలిసే చోటికి కూడా వెళ్లాలని నా ఆశ.

కొత్త పడవ మా తాహతుకు మించిన మాట. వాడిన వాటిలో మూడు చూసి పెట్టుకున్నాను. అడుగుతున్న ధరలు మూడింటికీ దగ్గరదగ్గరగానే ఉన్నాయి.

మొదటిది 16 అడుగుల అల్యూమినియం పడవ. రివెట్లు కొట్టి కట్టినది. 25 హార్స్‌పవర్ టూ స్ట్రోక్ మోటారు, చేత్తో తిప్పే పిడి. అడ్డంగా వేసిన బల్లలే సీట్లు. రెండోది 18 అడుగుల ఫైబర్‌గ్లాస్ పడవ, మధ్యలో నిలబడి నడిపే స్టీరింగు, 90 హార్స్‌పవర్ ఫోర్ స్ట్రోక్. ఈమధ్యే పాలిష్ చేయించారు, తళతళలాడుతోంది. మూడోది 20 అడుగుల పాంటూన్: రెండు అల్యూమినియం గొట్టాల మీద చదునైన అరుగు, చుట్టూ కటకటాలు, పైన గుడ్డ పందిరి, 50 హార్స్‌పవర్ ఫోర్ స్ట్రోక్. సీట్ల గుడ్డ చిరిగి లోపలి స్పాంజి కనిపిస్తోంది.

నా మనసు రెండోదాని మీద ఉంది. మా ఆవిడ మూడోదే అంటోంది. మోటార్ల గురించి నాకు తెలిసింది తక్కువ. వెళ్లి చూసేటప్పుడు ఎక్కడ చెయ్యి పెట్టి చూడాలో, అమ్మేవాళ్లను ఏం అడగాలో చెప్పండి.

చదునుపడవ:

మీ ఆవిడ మాట వినండి. పిల్లలు లేచి నాలుగడుగులు నడవగలిగేది ఆ మూడింటిలో పాంటూన్ ఒక్కటే. తలుపు తీస్తే రేవు మీది నుంచి మెట్టు దిగకుండా లోపలికి నడిచిపోవచ్చు. మీ అమ్మగారికి అంతకంటే ఏం కావాలి? చేపలకు మనం ఏ పడవలో వచ్చామో పట్టింపు లేదు.

ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. పాంటూన్‌కు పైభాగం ఎక్కువ, నీటిలో మునిగే భాగం తక్కువ. గాలి ఎటు తోస్తే అటు పోతుంది. ఒకచోట నిలపాలంటే మంచి లంగరు, పొడవైన తాడు ఉండాలి. లోతుకు 5 నుంచి 7 రెట్ల తాడు వదలాలి. 4 మీటర్ల లోతుంటే 20 నుంచి 28 మీటర్లు. లంగరు తాడు ఎప్పుడూ ముందు భాగానికే కట్టాలి. వెనుకకు కడితే మోటారు బరువుతో ముందే కిందికి ఉన్న భాగాన్ని తాడు ఇంకా కిందికి లాగుతుంది, అలలు లోపలికి ఎక్కేస్తాయి. ఇది ఏ పడవకైనా వర్తిస్తుంది.

రెంచి:

ఎర్రగాలం గారూ, నేను ఔట్‌బోర్డ్ మోటార్లు, అంటే పడవ వెనుక బయట తగిలించే మోటార్లు, బాగుచేసేవాడిని. గోళ్లలో గ్రీజు వదలని వృత్తి. మాట కాస్త కటువుగా ఉంటే ఏమీ అనుకోకండి.

ముందు ఒక ప్రశ్న. చేపలు పట్టే పడవ రోజంతా చేసే పని ఏమిటి? కదలకుండా ఉండటం. పోవడానికి కొంతసేపు, రావడానికి కొంతసేపు, మిగిలిన సమయమంతా అది నిలిచే ఉంటుంది. అయినా అమ్మేవాళ్లు చూపించేది పరుగే, కొనేవాళ్లు మోజుపడేదీ పరుగే. ఇంటిల్లిపాదీ సుఖంగా ఉంటారా లేదా అన్నది మాత్రం పడవ ఆగాక తేలుతుంది. పిల్లలకు కడుపులో తిప్పేది అప్పుడే. అందుకే పడవను నీటిలో ఆపించి, మీరూ మీ ఆవిడా ఒకే అంచుకు వెళ్లి నిలబడండి. అది ఎంత ఒరిగిందో, ఒరిగి ఎక్కడ ఆగిందో చూడండి. సగం సమాధానం అక్కడే దొరుకుతుంది.

దీనికి కారణం అడుగు ఆకారం, వెడల్పు. అడుగు లోతైన 'వి' ఆకారంలో ఉండి, వెనుక చివర వాలు 20 డిగ్రీలు దాటితే పడవ అలను కోసుకుంటూ మెత్తగా పోతుంది. ఆగితే మాత్రం అటూ ఇటూ ఊగుతుంది. చదునైన అడుగు నిలిచినప్పుడు స్థిరంగా ఉంటుంది, అలల మీద పరుగెత్తిస్తే నడుము విరగ్గొడుతుంది. 12 నుంచి 18 డిగ్రీల వాలు ఉన్నవి ఈ రెంటికీ మధ్య రాజీ. మీ జలాశయంలో పొట్టి అలలు అన్నారు కాబట్టి పూర్తి చదును అడుగు వద్దు.

అయిదుగురు పడతారా అన్నది తర్వాతి మాట. పడవ లోపల ఎంతమంది, ఎంత బరువు అని రాసిన పలక ఉంటే దాని మాటే వేదం. పలక ఊడిపోయి ఉంటే, 20 అడుగుల లోపు మామూలు పడవలకు ఒక అంచనా ఉంది: పొడవును వెడల్పుతో గుణించి 15తో భాగించాలి, కొలతలన్నీ అడుగుల్లో. 16 అడుగుల పడవకు 5 అడుగుల వెడల్పు ఉంటే 5.3 వస్తుంది, అంటే అయిదుగురు. అదీ గాలి లేని రోజున. మీ కుటుంబం ఎక్కగానే ఆ అల్యూమినియం పడవ నిండిపోయినట్టే. లేచి తిరగడం కుదరదు. పాంటూన్‌కు ఈ లెక్క పనికిరాదు, దానికి పలక చూడాల్సిందే. కొన్ని పడవల పలక మీద సి, డి అని యూరప్ ప్రమాణాల అక్షరం కనిపిస్తుంది. సి అంటే 2 మీటర్ల అలల దాకా, డి అంటే 0.3 మీటర్ల అలల దాకా. డి అని ఉన్నదాన్ని నది ముఖద్వారానికి తీసుకుపోయే ఆలోచన పెట్టుకోకండి.

అల్యూమినియం పడవలో ఇంకోటి చూడండి. మోటారు బిగించే వెనుక పలక ఎత్తు కొలవండి. చిన్న మోటార్లకు ఎక్కువగా 15 అంగుళాల ఎత్తు ఉంటుంది, పొడవు కాలు మోటార్లకు 20. ఆ 5 అంగుళాలు చిన్న విషయం కాదు. వేగంగా పోతూ ఒక్కసారిగా ఆగినప్పుడు మన వెనుక లేచిన అలే మనల్ని తరుముకొస్తుంది, అది లోపలికి దూకేది ఆ పలక మీదుగానే.

ఇక మీ మనసు దోచిన రెండోది. పాలిష్ చేసిన పాత ఫైబర్ పడవ మేడిపండు. పొట్ట విప్పి చూడాలి.

పాత ఫైబర్‌గ్లాస్ పడవల్లో చాలావాటికి వెనుక పలక లోపల ప్లైవుడ్ ఉంటుంది, దానికి రెండువైపులా ఫైబర్ పొర. మోటారు బోల్టులు, నీళ్లు పోయే గొట్టం, చేపలు చూసే యంత్రం సెన్సారు స్క్రూలు అన్నీ ఆ పలకలోకే దిగుతాయి. ఎక్కడ సీలు వదిలినా నీరు లోపలికి చేరి ప్లైవుడ్ కుళ్లుతుంది. బయటికి ఏమీ కనిపించదు. ముందుగా మోటారును పైకి ఎత్తించి, దాని కింది కొసను రెండు చేతులతో పట్టుకుని పైకీ కిందికీ మెల్లగా ఊపండి. ఆ సమయంలో మీ కళ్లు మోటారు మీద కాదు, పలక పై అంచు మీద ఉండాలి. పలక మోటారుతోపాటు కదిలితే ఇక ఆ పడవ గురించి మాట్లాడక్కర్లేదు. తర్వాత స్క్రూడ్రైవర్ పిడితో పలకంతా తట్టండి. ఆరిన చెక్క టక్కుమంటుంది, తడిసినది దప్పుమని చచ్చిన చప్పుడు చేస్తుంది. పై నుంచి కిందికి తడుతూ వస్తే మారిన చోటు చెవికే తెలుస్తుంది. చివరగా, అమ్మేవారి అనుమతితో, సెన్సారు పట్టీకి ఉన్న అడుగు స్క్రూ ఒకటి విప్పమనండి. పొడి పొట్టు వస్తే మంచిదే. గోధుమ రంగు నీళ్లు కారితే సంగతి తేలిపోయినట్టే. విప్పనివ్వను అంటే అదీ ఒక సమాధానమే.

చెప్పులు విప్పి పడవ నేల మీద నడవండి. మడమ కింద మెత్తగా అనిపించిన చోటల్లా కింద చెక్క పోయిందని అర్థం. కొన్ని పడవల్లో నేల కింద తేలడానికి నురుగు నింపుతారు. అది ఏళ్ల తరబడి నీళ్లలో నానితే పీల్చుకుంటుంది. లీటరు నీరు ఒక కిలో. 150 లీటర్లు పీల్చుకుంటే ఇద్దరు పెద్దవాళ్లు ఎప్పటికీ దిగకుండా పడవలో కూర్చున్నట్టే. ట్రైలర్‌తో సహా తూకం వేయించి, పత్రాల్లోని బరువుతో పోలిస్తే ఈ దొంగ దొరుకుతాడు.

మోటారు దగ్గరికి వస్తే నా మొదటి నియమం: చల్లారిన మోటారునే చూడాలి. వెళ్లగానే పైమూత మీద చెయ్యి వేయండి. వెచ్చగా ఉంటే "మళ్లీ రేపు వస్తాను, నేను వచ్చేదాకా స్టార్ట్ చేయకండి" అని చెప్పి వచ్చేయండి. పొద్దున్నే మొరాయించే మోటారును ముందే వేడి చేసి పెట్టడం పాత విద్య.

స్టార్ట్ అయ్యాక వెనుక నుంచి సన్నటి నీటి ధార చిమ్మాలి. అది చల్లదనానికి లాగిన నీరు తిరుగుతోందని గుర్తు. ధార లేకపోతే వెంటనే ఆపించండి. నీటిని తోడే రబ్బరు రెక్కల చక్రం (ఇంపెల్లర్) అరిగి ఉండవచ్చు, దారిలో చెత్త అడ్డుపడి ఉండవచ్చు. ఇంపెల్లర్ రెండు మూడేళ్లకోసారి మార్చాల్సిన వస్తువు. ఎప్పుడు మార్చారని అడిగి, చెప్పే ముఖం చూడండి.

ప్రతి సిలిండర్‌కూ కంప్రెషన్, అంటే లోపల గాలిని నొక్కే ఒత్తిడి, కొలవాలి. అంకె ఎంత అన్నది మోటారును బట్టి మారుతుంది. అన్నీ ఒకదానికొకటి 10 శాతం తేడాలోపు ఉన్నాయా అన్నదే అసలు పరీక్ష. ఒకటి బాగా తగ్గితే ఆ మోటారును లెక్కలోంచి తీసేసి బేరం ఆడండి, లేదా వదిలేయండి.

ఇప్పుడు ఎవరూ చూడని చోటు. చేపల పడవలకు ప్రత్యేకంగా ఉండే రోగం ఇది. తెగిన గాలం తీగ నీటిలో తేలుతూ ప్రొపెల్లర్‌కు చుట్టుకుంటుంది. ప్రొపెల్లర్ విప్పితే దాని వెనుక ఇరుసు చుట్టూ నైలాన్ తీగ వేడికి కరిగి, గట్టి ఉంగరంలా పట్టుకుని ఉంటుంది. కత్తితో కోస్తేగాని రాదు. దాని వెనుకే నూనె బయటికి, నీరు లోపలికి పోకుండా ఆపే సీలు ఉంది. తీగ ఆ సీలును కోసేస్తుంది. అందుకే గేర్ ఆయిల్ చూడాలి. గేర్ పెట్టె అడుగు స్క్రూ వదులు చేసి, మొదట వచ్చే చుక్కలు తెల్ల కాగితం మీద పట్టండి. మోటారు కొన్నాళ్లుగా కదలకుండా ఉంటే మొదట నీళ్లే వస్తాయి, నూనె కంటే నీరు బరువు కదా. నూనె పాలలా తెల్లబడి ఉంటే సీలు పోయింది. సీలు మార్చడం పెద్ద పని కాదు, కానీ నీళ్లలో ఎన్నాళ్లు తిరిగాయో తెలియని గేర్లను నమ్మడం కష్టం. సన్నటి లోహపు పొడి వేళ్లకు మెరిస్తే మామూలే. గోటికి తగిలే ముక్కలు ఉంటే వద్దు.

టూ స్ట్రోక్ మోటారు తేలిక, విప్పడం సులువు. కానీ నెమ్మదిగా పోయేటప్పుడు పొగ, వాసన, మోత. పిల్లలూ పెద్దావిడా ఉన్న పడవకు నేను దాన్ని ఎంచుకోను.

బ్యాటరీ, వైర్లు, దీపాలు, అడుగు నీళ్లు తోడే పంపు ఇవన్నీ మార్చుకోదగినవే. వాటి కోసం మంచి పడవను వదులుకోవద్దు. పెట్రోలు గొట్టాలు మాత్రం బిరుసెక్కినా, పగుళ్లు కనిపించినా మొదటి రోజే మార్చండి.

నీలాటిరేవు:

రెంచి గారు మోటారు సంగతంతా చెప్పేశారు. నేను పడవలో కూర్చునేవాళ్ల సంగతి చెబుతాను. మా ఇంట్లో గాలం వేసేది నేను. పక్కన కూర్చుని "ఇంకెంతసేపు" అని అడిగేది మా వారు.

కుటుంబంలో చేపల పిచ్చి తక్కువ ఉన్నవాళ్లకు నచ్చిన పడవే మళ్లీ మళ్లీ నీటిలోకి దిగుతుంది. వాళ్లకు కావాల్సినవి మూడే: నీడ, వీపుకు ఆసరా, మరుగు. మొదటి పడవలో ఈ మూడూ లేవు. రెండోదానిలో స్టీరింగు మీద చిన్న కప్పు ఉంటే నడిపేవారికి నీడ, మిగిలినవారికి ఎండ. పాంటూన్‌లో పందిరి కింద ఒక మూల తెర కట్టి, తీసి పెట్టుకునే మరుగుదొడ్డి పెట్టుకోవచ్చు. ఆడవాళ్లు, చిన్నపిల్లలు ఉన్న పడవలో ఈ మాట ఎవరూ పైకి అనరు గానీ, త్వరగా ఒడ్డుకు తిరిగి వచ్చేయడానికి అసలు కారణం ఎక్కువసార్లు ఇదే.

మీ అమ్మగారికి స్తంభం మీద గిరగిరా తిరిగే ఎత్తు కుర్చీ వద్దు. అలకు పడవ ఊగితే కాళ్లు ఆనవు. తలుపుకు దగ్గరగా, నేలకు తక్కువ ఎత్తులో, చేతులు ఆనించుకోగల సీటు ఉండాలి. ఆవిడ కూర్చున్న చోటి నుంచి లేవకుండా గాలం నీటిలో పడుతుందా అన్నది కొనేముందే ఆవిడను కూర్చోబెట్టి చూడండి. కటకటాల ఎత్తు కొన్నిటిలో కర్రకు అడ్డం వస్తుంది.

పందిరి కింద నుంచి తల మీదుగా గాలం విసిరితే ముల్లు గుడ్డలో దిగుతుంది. మీ అమ్మాయికి కింది నుంచి ఊపి వదలడం నేర్పండి. ముల్లుకు ఉండే వెనుక కొక్కెం పటకారుతో నొక్కేస్తే ఎవరి వేలికి గుచ్చుకున్నా సులువుగా వస్తుంది, చేపకూ మేలు.

ఎండలో అల్యూమినియం నేల వట్టికాళ్లను కాలుస్తుంది. చిన్నవాడికి చెప్పులు తప్పనిసరి, లేదా నేల మీద పట్టా పరవండి.

లైఫ్ జాకెట్లు వయసును చూసి కాదు, బరువును చూసి కొనాలి. చిన్నవాడి జాకెట్‌కు కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ, మెడ వెనుక తలను ఎత్తి పట్టే కాలరు ఉండాలి. తొడిగి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లేపండి. జాకెట్ చెవుల దాకా జారితే అది వాడిది కాదు. పాత పడవతోపాటు ఉచితంగా ఇచ్చే జాకెట్లను నమ్మకండి.

చిరిగిన సీట్ల గుడ్డ చూసి వెనకాడకండి. ఒక పడవకు ఉండగలిగే లోపాల్లో చవకైనది అదే. దాని కింద ఉన్న చెక్క కుళ్లిందా అన్నది మాత్రం ఎత్తి చూడండి.

ఎర్రగాలం:

మీ అందరికీ ధన్యవాదాలు. మూడూ చూసి వచ్చాను.

ఫైబర్ పడవ దగ్గరికి వెళ్లగానే మూత మీద చెయ్యి వేశాను. వెచ్చగా ఉంది. "ఇప్పుడే ఒకసారి నడిపి చూశాను" అన్నారు. మర్నాడు వెళితే రెండు మూడుసార్లు తిప్పాక స్టార్ట్ అయింది, అది పెద్ద తప్పు కాదనుకున్నాను. కానీ సెన్సారు పట్టీ స్క్రూ విప్పితే టీ రంగు నీళ్లు సన్నగా కారుతూనే ఉన్నాయి. అమ్మే ఆయనే నిర్ఘాంతపోయారు. ఆయనకూ తెలియదనుకుంటాను. బాధగానే వదిలేశాను.

అల్యూమినియం పడవకు వెనుక పలక 15 అంగుళాలే. మా అమ్మ బల్ల మీద కాసేపు కూర్చుని "దీనికంటే గట్టే నయం" అంది.

పాంటూన్ నీటిలోనే కట్టి ఉంది. మోటారు చల్లగా ఉంది, వెంటనే స్టార్ట్ అయింది, నీటి ధార బాగా వచ్చింది, గేర్ ఆయిల్ శుభ్రంగా ఉంది. ప్రొపెల్లర్ వెనుక కొంచెం తీగ ఉంది గాని సీలు దాకా పోలేదు. ఒకే అనుమానం: ఖాళీగా ఉన్నప్పుడు పడవ ఎడమవైపు కొద్దిగా కిందికి ఉంది. గొట్టంలోకి నీరు పోయిందంటారా? ఇంకో మాట, దీన్ని నది ముఖద్వారానికి తీసుకెళ్లవచ్చా?

రెంచి:

ముందు తేలిక కారణాలు చూడండి. బ్యాటరీ, పెట్రోలు ట్యాంకు, లంగరు పెట్టె మూడూ ఎడమవైపే ఉన్నాయేమో. ట్యాంకు నిండుగా ఉంటే అదొక్కటే చాలు. కదిలించగలిగినవన్నీ కుడివైపుకు మార్చి చూడండి. పడవ సమంగా నిలిస్తే గొట్టం తప్పు లేదు.

నిలవకపోతే ట్రైలర్ మీదికి ఎక్కించమనండి. బయటికి తీశాక గొట్టం అతుకుల వెంట, ముఖ్యంగా రాళ్లు గీసుకునే అడుగు భాగంలో, ఎక్కడైనా చుక్క చుక్కగా కారుతోందా చూడండి. చాలా పాంటూన్లలో గొట్టం లోపల అడ్డుగోడలు ఉండి గదులుగా విడిపోయి ఉంటుంది. అన్ని గదులూ కాకుండా ఒక్కదానిలోనే నీరు చేరుతుంది. గుప్పిటతో గొట్టం వెంట తట్టుకుంటూ పొండి, ఖాళీ గది మోగుతుంది, నీళ్లున్నది మోగదు. పగిలిన అతుకును అల్యూమినియం వెల్డింగ్ తెలిసినవారు సరిచేస్తారు. అది బేరానికి అక్కరకొచ్చే లోపమే గాని పడవను వదులుకోవాల్సినది కాదు.

పడవ బయటికి వచ్చినప్పుడే అరుగు ప్లైవుడ్‌ను కింది నుంచి చూడండి. పైన పట్టా వేసి ఉంటుంది, కాబట్టి కుళ్లు కింది నుంచే కనిపిస్తుంది. తలుపుల దగ్గర, సీట్ల కాళ్ల దగ్గర స్క్రూడ్రైవర్ మొనతో గుచ్చండి. ట్రైలర్ టైర్ల పక్క గోడ మీద నాలుగు అంకెలు ఉంటాయి; 2319 అంటే 2019లో 23వ వారం. గాడులు కొత్తగా కనిపిస్తున్నాయని వయసు మరిచిపోకండి. పడవ ట్రైలర్ టైరు అరగకముందే ఎండకు పగులుతుంది.

ముఖద్వారం మాట: వద్దు. నది ఒరవడి సముద్రపు అలకు ఎదురైన చోట అల నిటారుగా, దగ్గరదగ్గరగా లేస్తుంది. పాంటూన్ ముందు భాగం అలాంటి అలలోకి ముక్కు దించితే అరుగు మీదికి నీళ్లు ఎక్కేస్తాయి, జనం ముందు వైపు కూర్చుంటే మరీను. లోపలి ప్రశాంతమైన పాయలో తిరుగుతానంటే ఉప్పునీటి లెక్క వేరు: రాగానే మంచినీటితో మోటారు లోపలంతా కడగాలి. తుప్పును తన మీదికి తీసుకునే లోహపు దిమ్మలు మోటారుకు ఉంటాయి, అవి ఉప్పునీటికి జింకు లేదా అల్యూమినియంవి కావాలి, మంచినీటికి మెగ్నీషియంవి వాడి ఉండవచ్చు. ఉప్పు నీటిలో మెగ్నీషియం త్వరగా కరిగిపోతుంది. మీరు జలాశయానికి కొంటున్నారు, జలాశయంలోనే తిరగండి. సముద్రం చూడాలనిపించిన రోజు మరొకరి పెద్ద పడవ ఎక్కండి.

ఎర్రగాలం:

బ్యాటరీ, ట్యాంకు రెండూ ఎడమవైపే! మార్చగానే సమంగా నిలిచింది. అయినా బయటికి తీయించి గొట్టాలు తట్టాను, రెండూ ఒకేలా మోగాయి. అరుగు అడుగున వెనుక తలుపు దగ్గర అరచేయంత మేర మెత్తబడింది, మిగిలినదంతా గట్టిగా ఉంది. ఆదివారం అందరం కలిసి నీటిలో నడిపి చూద్దామని మాట అయింది. ఆ రోజు ఏం చేయమంటారు?

రెంచి:

అరచేయంత కుళ్లు అయితే ఆ ముక్క కోసి మార్చుకోవచ్చు, దాని ఖర్చు ధరలో తగ్గించమనండి.

ఆదివారం అయిదుగురూ ఎక్కాక మోటారును పూర్తి వేగానికి తీసుకెళ్లండి. ఫోర్ స్ట్రోక్‌లకు ఎక్కువగా నిమిషానికి 5000 నుంచి 6000 చుట్ల దాకా వెళ్లాలి; కచ్చితమైన హద్దు ఆ మోటారు పుస్తకంలో ఉంటుంది. అంతదాకా అందకపోతే మోటారు నీరసించిందో, ప్రొపెల్లర్ పిచ్ (ఒక చుట్టుకు అది ముందుకు పోవాల్సిన దూరం) ఎక్కువైందో. పిచ్ ఒక అంగుళం తగ్గిస్తే 150 నుంచి 200 చుట్లు పెరుగుతాయి. ఈ లోపం ప్రొపెల్లర్ మార్పుతో తీరేదైతే భయం లేదు. అమ్మే ఆయన ఒక్కరే ఎక్కి నడిపి చూపించిన వేగాన్ని లెక్కలోకి తీసుకోకండి. రివర్స్ గేరు వేసి చూడండి, చాలామంది ఇది మరిచిపోతారు. తర్వాత మోటారు ఆపి, అరగంట ఊరికే నిలిచి ఉండండి. అమ్మగారు ఎలా ఉన్నారో, చిన్నవాడి ముఖం రంగు ఎలా ఉందో అప్పుడు చూడండి.

పడవ కదులుతున్నంతసేపూ పిల్లలు కటకటాల లోపలే ఉండాలి. ముందు తలుపు తీసి కాళ్లు వేలాడేసి కూర్చోవడం పాంటూన్ మీద అందరికీ సరదా. అక్కడి నుంచి జారితే పడవ కిందుగా తిన్నగా ప్రొపెల్లర్ దగ్గరికే. వెనుక నిచ్చెన ఎక్కేవారు ఉంటే మోటారు ఆపాలి, న్యూట్రల్‌లో ఉంచడం చాలదు. నడిపేవారి చేతికి కట్టుకునే తాడు లాగితే మోటారు ఆగుతోందా అన్నది కూడా ఆ రోజే పరీక్షించండి.

డబ్బు ఇచ్చేముందు, వెనుక కుడివైపు పైభాగాన చెక్కి ఉండే గుర్తింపు సంఖ్యను పత్రాల్లోదానితో అక్షరం అక్షరం సరిచూడండి. దాని చివరి రెండు అంకెలు మోడల్ సంవత్సరం. మోటారు సంఖ్య, ట్రైలర్ సంఖ్య వేరుగా ఉంటాయి, అవీ చూడాలి. ఇంటికి వచ్చే దారిలో ఎక్కడైనా ఆగినప్పుడు ట్రైలర్ చక్రాల మధ్య మూతల మీద చెయ్యి వేయండి. గోరువెచ్చగా ఉంటే సరే, చెయ్యి వెనక్కు తీయాల్సినంత కాలుతుంటే బేరింగులు పోయాయి, అక్కడి నుంచి కదలకండి.

నీలాటిరేవు:

ఆదివారం అమ్మగారి గాలం కర్ర కూడా తీసుకెళ్లండి. పరీక్షలో అదొక భాగం.